గూడబాతులును చెరువునీరును

ప్రశ్న: నేలపట్టు చెరువులో గూళ్లు కట్టు గూడబాతులను అచ్చటి రైతులు తోలివేయక కాపాడుదురట, ఏల?

జవాబు: సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న పులికాటు సరస్సునుండి చేపలను తెచ్చి, నీట నిలిచిన కడప చెట్ల కొమ్మలపై నోరు తెరచియున్న పిల్లలకు తినిపించు గూడబాతు, తానెరుగకయే ఆ ఉప్పునీటి సారమును తియ్యనీటి చెరువునకు చేరవేయుచున్నది. సున్నము చల్లినట్లు తెల్లబడిన ఆ చెట్ల ఆకులను చూచితిరా? అది ఈ పక్షుల రెట్ట; దానియందలి నత్రజనియు, భాస్వరమును నీట కరగి, కాలువ వెంట వరిమడికి పోయి ఎరువగుచున్నవి. జీవి వేరు, పరిసరము వేరు అనుట మన మాటల సౌకర్యమే. ఆ రైతులు ఈ ఎరువు మేలును అనుభవముచే నెరిగిరి. చెట్లచుట్టు నీరున్నంతవరకే గూళ్లకు రక్షణ గనుక, వానలు చాలని యేట పక్షులును తగ్గును.