అశ్వహృదయము – అక్షహృదయము

పాచికలు ముట్టనివారు, పేకముక్కలను గడప దాఁటి లోనికి రానీయనివారు, లాటరీ చీటి కొనుట యవివేకమని పిల్లలకు బోధించువారు – ఇట్టి పెద్దమనుష్యులలోఁ గొందఱు గుఱ్ఱపు పందెములకు మాత్రము నిస్సంకోచముగాఁ బోవుచుందురు. కారణ మడిగినచో, “అది జూదము కాదు, విద్య. గుఱ్ఱము వంశము, వయస్సు, వెనుకటి పరుగులు, రౌతు నేర్పు, నేల తడి యారిన తీరు – ఇన్నియు నెఱిఁగినవాఁడే పందెము కాయఁగలఁడు. సర్వోన్నత న్యాయస్థానమే యట్లు తీర్పు చెప్పినది” అందురు. ఈ సమాధానము త్రోసివేయఁదగినది కాదు. ఇందు సత్య మున్నది. ఆ సత్య మెంతవఱకు నిలుచును, ఎచ్చట నాఁగిపోవును అనునదియే యీ పాఠమున విచారింపఁదలఁచిన విషయము.

ఒక దినము

విశాఖపట్టణమున నేఁడు పందెపు మైదానము లేదు. ఇచ్చటివారికిఁ బూర్వము రాజధాని చెన్నపట్టణము గనుక వారు వినిన మైదానము గిండీ. అచ్చటి పందెములు 1777 నాఁటివి. తెలుగు నేలమీఁదఁ బేరుగల రేసుకోర్సు హైదరాబాదులోని మలకుపేటది. అవి 1868 లో మౌలాలిలో మొదలై, 1886 లో ఆఱవ నిజాము మహబూబు ఆలీఖాను కాలమున మలకుపేటకు మాఱినవి.

పూర్ణా మార్కెట్టులో ఉల్లిపాయల కొట్టు గల వర్తకు నొకని నూహింతము. ఇతఁడు త్రాగుబోతు కాఁడు, అప్పు లెగవేయువాఁడు కాఁడు. రేసు లితనికి సరదా. ఒక సాయంకాలము కొట్టు తమ్ముని కప్పగించి గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కును. సుమారు 700 కిలోమీటర్ల ప్రయాణము. నిద్ర మాని రేసు పుస్తకము చదువును. పేరుపేరునకును ఎదుట పెన్సిలుతో గుర్తు లిడును. తెల్లవాఱునప్పటికి హైదరాబాదు, మధ్యాహ్నమునకు మలకుపేట. పందెమునకని వేఱుగాఁ గట్టి తెచ్చుకొన్నది 1,000 రూపాయలు.

అచ్చట నితఁడు చూచునది మనోహరమైన దృశ్యమే యని యొప్పుకొనవలెను. పరుగునకు ముందు గుఱ్ఱములను బ్రేక్షకుల యెదుట వలయముగా నడిపింతురు. నిగనిగలాడు మేను, నిక్కిన చెవులు, అదఱు ముక్కుపుటములు, రంగురంగుల చొక్కాలు తొడిగిన రౌతులు – వీనిని జూచి యానందింపనివాఁడు అరసికుఁడు. పిమ్మట 1,200 మీటర్ల పరుగు కొంచె మెచ్చు తగ్గుగా నొక నిమిషము పండ్రెండు సెకండ్లలో ముగియును. తరువాతి పరుగునకు దాదాపు అరగంట వ్యవధి. ఆ యరగంటలోనే టిప్పులు చెప్పువారు చెవిఁ జేరుదురు. ఓడినవాఁడు పోయినదానిని రాఁబట్టుకొనఁ జూచును. గెలిచినవాఁడు తన తెలివిని మెచ్చుకొని పందెము హెచ్చించును. గుఱ్ఱము పరుగెత్తునది యొక్క నిమిషము. మనుష్యుని మనస్సు పరుగెత్తునది యరగంట.

మన వర్తకుని విద్య కెదురుగా మఱియొక విద్య పనిచేయుచున్నదని యతఁడు తఱచుగా మఱచును. హ్యాండికాపు పందెములలో బలమైన గుఱ్ఱముమీఁద నెక్కువ బరువును, బలహీనమైనదానిమీఁదఁ దక్కువ బరువును వేయు నధికారి కలఁడు. గుఱ్ఱములన్నియు నొక్కమాఱే గీటు దాఁటునట్లు చేయుట యాతని యాదర్శము. అనఁగా, పందెగాఁడు రాత్రియంతయు మేల్కొని సంపాదించిన భేదజ్ఞానమును మాపుటకే నియుక్తుఁడైన నిపుణుఁ డొకఁడు ముందుగనే తన పని ముగించి కూర్చున్నాఁడు.

యంత్రపు లెక్క

పందెగాఁడు గుఱ్ఱముతోఁ బందెము వేయుచున్నానని తలఁచును. నిజమునకుఁ దనవంటి తక్కిన పందెగాండ్రతో వేయుచున్నాఁడు. దీనిని దెలియుటకు టోటలైజేటరు పనిచేయు విధము నెఱుఁగవలెను. పందెముల సొమ్మంతయు నొకచోటఁ గూర్చి గెలిచినవారికిఁ బంచి యిచ్చు పద్ధతిని 1867 ప్రాంతమున ప్యారిసులో జోసెఫ్ ఒల్లర్ ప్రవేశపెట్టెను. ఎన్నికలలో ఓట్లు లెక్కించుటకై తాను గల్పించిన యంత్రమును గ్రహించువారు లేకపోఁగా, జార్జి జూలియస్ అను ఇంజనీరు దానినే పందెముల లెక్కకు మార్చెను. అది 1913 లో న్యూజీలాండులోని ఎల్లర్‌స్లీ మైదానమున మొట్టమొదట నెలకొల్పఁబడెను. అప్పటినుండి లెక్కలో పొరపాటు లేదు. అయితే తప్పు లేని లెక్కయు లాభకరమైన లెక్కయు నొక్కటి కావు.

ఒక యుదాహరణము. ఒక పరుగునందు గెలుపు పందెములన్నియుఁ గలిసి 1,00,000 రూపాయలైనవనుకొందము. ఖర్చులకును పన్నులకును నూటికి 20 చొప్పున ముందే తీసినచో మిగులునది 80,000. అందఱును మెచ్చిన గుఱ్ఱముమీఁద 40,000 రూపాయలు పడినవనుకొందము. అది గెలిచిన పక్షమున 10 రూపాయల చీటికి 20 రూపాయలు వచ్చును. ఆ గుఱ్ఱము నూఱు పరుగులలో 40 సార్లు గెలుచునని జనుల యంచనా. కాని పది పెట్టి యిరువది పొందువానికి అసలు దక్కవలెనన్నచో అది 50 సార్లు గెలువవలెను. కనుక పందెగాఁడు తప్పు లేకుండ ఊహించుట చాలదు. జనసమూహమున కంటెఁ దాను నాలుగవవంతు మేలుగా నూహింపవలెను. అదియు నొక్కనాఁడు కాదు, ప్రతిదినమును. బుకీ చెప్పు ధరలందును ఇదే రహస్య మున్నది. ఒక్కొక్క గుఱ్ఱమునకుఁ జెప్పిన ధరనుబట్టి గెలుపు పాళ్ళు గట్టి యన్నిటిని గూడినచో మొత్తము నూఱు దాఁటును. ఆ మిగులే బుకీ జీవనము.

ఇఁక 1,000 రూపాయలు తెచ్చిన మన వర్తకుని సంగతి. నూటికి 20 పోవు చోట, సామాన్య జ్ఞానముతో, వచ్చినదంతయు మరల పందెము వేయుచుఁ బోయినచో సగటున మొదటి పరుగు పిమ్మట 800, నాల్గవదాని పిమ్మట సుమారు 410, ఎనిమిదవదాని పిమ్మట సుమారు 168 రూపాయలు మిగులును. ఒకనాఁ డితఁడు 5,000 గెలిచి రావచ్చును. ఆ దినమే యితని కెల్లప్పుడును జ్ఞాపకముండును. పోయిన దినములకు రోజువారి చిట్టా యుండదు.

రాజు పాలు

మన పూర్వులు ఈ విషయమున నమాయకులు కారు. ప్రాణము లేని వస్తువులతో నాడునది ద్యూత మనియు, ప్రాణులతో నాడునది సమాహ్వయ మనియు విభజించి, రెంటిని రాజ్యమునుండి తొలఁగింపవలెనని మనుస్మృతి శాసించినది. గుఱ్ఱపు పందెము సమాహ్వయమే. కౌటిల్యుఁడు మాఱుగా, జూదమును అధ్యక్షుని కనుసన్నల నొకచోటనే యాడింపుమని చెప్పి, గెలిచిన ధనమునుండి నూటికి 5 పాళ్ళు తీసికొనుమనెను. ఒకరు మాన్పించి ప్రజలను గాపాడఁ జూచిరి. ఒకరు కనిపెట్టియుండి దొంగలను బట్టఁ జూచిరి.

నేఁటి రాజు పాలు అయిదు కాదు. 2017 లో వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు రేసు పందెములమీఁద నూటికి 28 విధింపఁబడెను. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 అయ్యెను. ఈ పన్ను గెలిచిన లాభముపైఁ గాక పందెపు పూర్తి మొత్తముపై లెక్కింపఁబడును. పన్ను హెచ్చినచో జనులు మానుదురని కొంద ఱాశింతురు. మానఁగలిగినవారు మానుదురేమో, మానలేనివాఁడు అంత త్వరగాఁ జెడును. ఈ రెండవవాని యింటివారిని గూర్చి పన్నుల పట్టికలో నే యంకెయు నుండదు.

శాసనము చెప్పునది, చెప్పనిది

తమిళనాడు ప్రభుత్వము 1974 లో గుఱ్ఱపు పందెములను నిషేధించుటకై చట్టము చేసెను. ఆ వ్యాజ్యము సాగి సాగి 1996 జనవరిలో డాక్టరు కె.ఆర్. లక్ష్మణన్ కేసుగా ముగిసినది. గుఱ్ఱపు పందెమునందు నేర్పే ప్రధానము గనుక అది చట్టము నిందించు జూదము కాదని సర్వోన్నత న్యాయస్థానము తీర్మానించెను. అంతకు ముందే 1967 లో, ఆంధ్రప్రదేశమునుండి వెళ్ళిన సత్యనారాయణ కేసులో, రమ్మీయాటకును నేర్పు ముఖ్యమని చెప్పియుండెను.

ఈ తీర్పు తెలివిగలదియే. కాని న్యాయస్థానము విచారించిన ప్రశ్న యేది? ఇది నేర మగునా కాదా యని. పందెగానికి లాభము వచ్చునా రాదా యని యెవ్వరును అడుగలేదు, న్యాయమూర్తులు చెప్పలేదు. ఈఁతయు నేర్పే, వరదలో నీఁదువానిని నేర్పు గట్టునఁ జేర్చునని శాసన మెట్లు హామీ యిచ్చును?

న్యాయవాదులు తమ కక్షిదారులకుఁ దఱచుగాఁ జెప్పవలసిన మాట మఱియొకటి యున్నది. 1872 నాఁటి కాంట్రాక్టు చట్టము 30 వ సెక్షను ప్రకారము పందెపు టొడంబడిక చెల్లదు. గెలిచిన సొమ్మునకై దావా వేయుట కుదరదు. గుఱ్ఱపు పందెముల కందొక మినహాయింపు కలదు గాని, అది గెలిచిన గుఱ్ఱమున కిచ్చు 500 రూపాయలకుఁ దక్కువ గాని బహుమతి చందాలకే. పందెగాని చీటికిఁ గాదు. ఇంతవఱకుఁ బెక్కురు విన్నదే. వినని భాగము ముఖ్యము. పందెము చెల్లనిదే కాని చట్టవిరుద్ధము కాదని 1959 లో ఘేరులాల్ పారఖ్ కేసున నిర్ణయమైనది. కాఁబట్టి పందెము నంటియున్న వేఱొక యొప్పందము ఆ కారణముచేతనే చెడిపోదు. పాత బొంబాయి రాష్ట్రపు చట్టము మాత్రము వేఱు. తాత్పర్య మిది: మైదానము వెలుపల మిత్రునితోఁ గాసిన పందెము గెలిచినచో ఆ ధనము కోర్టులో రాదు; పందెమునకై యొకనియొద్దఁ జేసిన యప్పు మాత్రము కోర్టు ద్వారా వసూలు కాఁగలదు. గెలుపునకు శాసనము తోడు లేదు, అప్పునకు తోడున్నది.

నలుని విద్యలు

మన భారతమున నీ పాఠ మంతయు నొక కథగా నున్నది. నలునికంటె నశ్వములెఱిఁగినవాఁడు లేఁడు. అట్టివాఁడు జూదమున రాజ్యమును గోలుపోయి, దమయంతి నడవిలో విడిచి, బాహుకుఁడను పేర ఋతుపర్ణునికి సారథి యయ్యెను. అశ్వహృదయ మాతని నోటమినుండి కాపాడలేదు. త్రోవలో ఋతుపర్ణుఁడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను జూచినంతనే లెక్క చెప్పెను. నలుఁడు రథము నిలిపి యెంచి చూడఁగా లెక్క సరిపోయెను. అప్పుడు ఋతుపర్ణునివలన నక్షహృదయమును గ్రహించిన పిమ్మటనే కలి యాతని విడిచెను. గుఱ్ఱము నెఱుఁగుట యొక విద్య, లెక్క నెఱుఁగుట వేఱొక విద్య యని దీని భావము. రేసులకుఁ బోవు పెద్దమనుష్యులు మొదటిదానిని జూపి రెండవది తమకుఁ గలదని భ్రమించుచున్నారు.

“అయినచో లెక్కయు నేర్చుకొని, నలునివలెనే పోయినది గెలిచెదము” అని యొకఁ డనవచ్చును. నలపుష్కరు లిరువురే యాడిరి. ఒకఁ డోడినది మఱియొకనికిఁ జేరినది. ఇచ్చట ప్రతి యాటకును మూఁడవవాఁడు నడుమఁ గూర్చుండి ముందుగాఁ దన పాలు తీసికొనును. ఈ లెక్కను బూర్తిగా నెఱిఁగినవానికిఁ గలుగు మొదటి ఫలము ఆడకుండుటయే.

మార్కెట్టు ధర్మము

“వర్తకమును పందెమే కదా! ఉల్లి ధర యేమగునో యెవరి కెఱుక?” అని మన వర్తకుఁడే యడుగును. వర్తకమున నష్టభయ మున్నమాట నిజము. కాని పూర్ణా మార్కెట్టులోఁ దెల్లవాఱుజామున బస్తా దిగినప్పుడు జరుగునది గమనింపుఁడు. రైతునకు సరకు చెల్లును. మోసిన కూలీకిఁ గూలి వచ్చును. కొట్టువానికి లాభము మిగులును. కొన్న గృహిణి యింటఁ గూర యుడుకును. ఒకరి లాభమునకు మఱియొకరి నష్టము అక్కఱ లేదు. పందెమున నిట్లు కాదు. గెలిచినవాని చేతికి వచ్చిన ప్రతి రూపాయయు నోడినవాని జేబునుండి వచ్చినదే. అదియుఁ దఱిగి వచ్చినది. త్రాసు రెండు తట్టలలోఁ దేడా యున్నచో మన వర్తకుఁడే కోపించును. నూటికి 20 కొఱఁతగాఁ దూఁచు త్రాసునకు టిక్కెట్టు కొని మఱి పోవుచున్నాఁడని యతనికిఁ దెలియఁజెప్పిన చాలును.

చేయఁదగినది

గుఱ్ఱములను జూచి యానందించుట దోషము కాదు. చూడఁ బోవువాఁడు తిరుగు రైలు టిక్కెట్టును ముందే కొని, పోఁగొట్టుకొన్నను ఇంట నెవ్వరికిని లోటు కలుగని మొత్తమును మాత్రమే, నాటకపు టిక్కెట్టు వెలవలె నెంచి, తీసికొని పోవలెను. గెలిచినదియు నోడినదియుఁ దేదీవారీగా నొక చిట్టాలో వ్రాసి, ఆ చిట్టాను భార్యకుఁ జూపవలెను. చూప వెనుకాడిన దినమే సరదా వ్యసనమైన దినము. అప్పు చేసి పందెము వేయరాదు. పందెమునకై యడిగినవానికి స్నేహముచేత నైనను అప్పీయరాదు.

విద్యావంతులు చేయఁదగినది యింకొకటి కలదు. ప్రతి సంక్రాంతికిని కోడిపందెములయొద్దఁ బట్టుబడిన కూలివానిని మనము నిందింతుము. 1974 నాఁటి ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము వానిని శిక్షించును. ఆ చట్టమే పరుగు దినమున, అనుమతిగల ఆవరణలోఁ గాయు గుఱ్ఱపు పందెమును విడిచిపెట్టును. డక్కన్ డెర్బీ యను గొప్ప పందెము పెక్కు సంవత్సరములుగా గాంధీ జయంతి దినమగు అక్టోబరు 2 ననే జరుగుచు వచ్చినది. దానిని జూచి నొచ్చుకొన్న పెద్దమనుష్యులు తక్కువ. కోడికిఁ గత్తి కట్టుటలోని క్రౌర్యము వేఱు విషయము, అది గర్హ్యమే. కాని డబ్బు పోవు విషయమున బీదవానికి నేరమైనది ధనికునికి విద్య యెట్లగును? చట్టమందలి భేదమును జట్టసభలు చూచుకొనును. మన మనస్సులోని భేదమును మనమే తొలఁగించుకొనవలెను. కూలివానికి బోధింపఁబోవు ముందు క్లబ్బులోని మిత్రుని చిట్టా యేమైనదని యడుగుట యుచితము.