పాత బీరువాకి కొత్త కొలువు

చిరంజీవి అమ్మడికి,

వన్ టౌన్ ఇంట్లోని అద్దాల బీరువా నీ వాటాకి వచ్చిందనీ, దానికి తెల్ల ఎనామిల్ కొట్టించి, నువ్వు ఏరి తెచ్చుకున్న పాత వస్తువులు సర్దబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆలోచన బాగుంది. రంగు విషయంలోనే కాస్త ఆగాలి. ఇలాంటి పనుల్లో మ్యూజియంల వాళ్ళు పాటించే నియమం ఒకటుంది: రేపు వద్దనుకుంటే తీసెయ్యగలిగిన మార్పులే వస్తువుకి చెయ్యాలి.

ముందు చెక్క సంగతి తేల్చాలి. కోస్తా వాళ్ళకి రంగూన్‌తో రాకపోకలు జోరుగా ఉన్న రోజుల్లో, అంటే 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగకముందు, బర్మా టేకు ఓడల మీద మన వైపు వచ్చేది. అలాగని అమ్మేవాళ్ళు చూపించే ప్రతి బీరువా బర్మా టేకు కాదు. కంటికి కనపడే తలుపులు టేకుతో చేసి, వెనక పలకలు మామిడి చెక్కతో సరిపెట్టినవీ ఉంటాయి. అందుకే సొరుగులు బయటికి లాగి అడుగు చూడాలి, బీరువాని గోడ నుంచి జరిపి వీపు చూడాలి. కింద గోధుమపిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు ఇంకా బతికే ఉన్నట్టు. మందు పెట్టించి, అది ఆగిందని తేలాకే మిగతా పని.

తర్వాత పూత. లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పొర మీద పొర పట్టించడం పాత వడ్రంగుల పద్ధతి. తలుపు లోపల ఎవరికీ కనపడని మూల దూదితో ఒక్క చుక్క స్పిరిట్ అద్దితే చాలు. పూత మెత్తబడి వేలికి జిగటగా అంటితే అది లక్కే. దాన్ని గీకక్కర్లేదు. దుమ్ము తుడిచి కొత్త లక్క పట్టిస్తే పాతదాంట్లో కలిసిపోతుంది, పైపై గీతలు చాలావరకు కనపడవు. ఎనామిల్ అలా కాదు. చెక్క నారల్లోకి దిగి కూర్చుంటుంది, వదిలించబోతే చెక్క పైపొర కూడా పోతుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఆ పని పొయ్యికీ, దేవుడి దీపానికీ దూరంగా జరగాలి.

లోపలి అరలకి ఎవరో ఎప్పుడో రంగు వేసి ఉంటే అది వేరే కథ. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. పొడిగా ఉప్పు కాగితం పట్టిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దించు, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకు.

అతుకులు వదులైతే వడ్రంగి చెయ్యి ముందు ఫెవికాల్ డబ్బా మీదికి పోతుంది. వెనకటి రోజుల్లో వాడింది జంతువుల తోళ్ళు కాచి తీసిన వజ్రం అనే బంక. వేడినీళ్ళ తడి తగిలితే అది వదులుతుంది, మళ్ళీ సరిచేసి అతికించవచ్చు. ఇప్పటి తెల్ల బంక గట్టిపడితే ఆ వీలు లేదు. వజ్రం దొరికితే అదే వాడమను.

అద్దాల జోలికి పోవద్దు. చిన్న బుడగలూ, అవతలి గీతని వంకరగా చూపే అలలూ ఉన్న గాజు ఇప్పుడు మామూలు కొట్లలో దొరకదు. కరిగిన తగరం మీద గాజుని పరిచి తీసే పద్ధతిని బ్రిటన్‌లో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. ఆ తర్వాతే ఈ నున్నటి అద్దాలు లోకమంతా నిండాయి.

నీకు మార్పు కావాలంటే వెనక పలకకి చేసుకో. సన్న ప్లైవుడ్ పలకకి మంగళగిరి నేత బట్ట చుట్టి, మేకులు కొట్టకుండా లోపల ఊరికే నిలబెడితే చాలు. మోజు తీరాక బయటికి తీసెయ్యవచ్చు. పెడన కలంకారీ మీద మనసు పోతుంది కానీ, ఆ లతల ముందు చిన్న వస్తువులు కనపడవు. బట్టకి గంజి మాత్రం ఉండకూడదు, పురుగులకి అది విందు. కొత్త అరలకి పార్టికల్ బోర్డు వద్దు. తడి తగిలితే ఉబ్బుతుంది, దాన్నుంచి వచ్చే వాయువులు కొన్ని లోహాలని తినేస్తాయి.

ఇక సర్దే వస్తువులు. కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. ముక్కల్ని చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, పైన రంగులు వేస్తారు. పాత అంబారీ ఏనుగుని తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకే వస్తుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపితే సరిపోతుంది. ఇత్తడి మరచెంబుని చింతపండుతో తోమినా తప్పులేదు కానీ నాణేలని తోమకూడదు. పులుపు పైపొరని తినేస్తే అది మళ్ళీ రాదు, సేకర్తల దగ్గర విలువా ఉండదు. మధ్యలో చిల్లుతో ఉండే కాణీలు ముద్రించింది 1943 నుంచి 1947 వరకే. నయా పైసలు 1957 ఏప్రిల్‌లో దశాంశ పద్ధతితో వచ్చాయి. పక్కన ఒక చీటీ మీద ఈ రెండు ముక్కలు రాసిపెడితే చూసేవాళ్ళు ఆగి చూస్తారు. చీటీని వస్తువుకి అంటించకు, దారంతో కట్టు.

చీటీ విలువ తెలియాలంటే బెజవాడ బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం ఒకసారి చూసి రా. విక్టోరియా రాణి స్వర్ణోత్సవ గుర్తుగా 1887లో పునాది పడిన కట్టడం అది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపిన చోటు. ఆ సంగతి తెలియనివాళ్ళకి అదొక పాత మేడ, అంతే.

దీపాలు పెట్టేటట్టయితే పసుపు వెలుగు ఎల్‌ఈడీలు చాలు, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్ పెట్టె బీరువా బయట ఉండాలి. కాగితానికీ, అద్దకం బట్టకీ 50 లక్సుల వెలుగు మించకూడదని మ్యూజియంల లెక్క. 1947 జూలైలో మొదలైన చందమామ తొలి సంచికలేవైనా నీ దగ్గరుంటే రంగు నకలు అద్దంలో పెట్టి, అసలుది సొరుగులో పడుకోబెట్టు.

విగ్రహాలు కొనేటప్పుడు తొందరపడకు. నూరేళ్ళు దాటిన శిల్పాలూ, చిత్రాలూ 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని నమోదు చేయించాలి, లైసెన్సు లేనివాళ్ళు అమ్మకూడదు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఏనుగు దంతం వస్తువులైతే అసలు బేరమే పెట్టకు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా చూసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువుంటే లక్క పూత తెల్లగా పాలిపోతుంది, కాబట్టి వానలు పోయి కార్తీకం దాటాక వడ్రంగిని పిలువు. పూత వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచి, సంక్రాంతి బొమ్మల కొలువు నాటికి సర్దడం మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది. ఈలోగా వీపు, సొరుగు అడుగు, తాళం, మడతబందులు ఫోన్లో ఫొటోలు తీసి పంపు. వడ్రంగితో ఏం మాట్లాడాలో అవి చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న