గ్రావిటాన్ స్పిన్ ఎందుకు 2?
స్పిన్ అనగానే బొంగరం గుర్తొస్తుంది. కానీ ఎలక్ట్రాన్ అలా గిర్రున తిరగదు. ఆవేశంలాగే స్పిన్ కూడా కణానికి సహజంగా ఉండే గుణం. ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్‌లకు అది 1/2, కాబట్టి ఇవి ఫెర్మియాన్లు. పూర్ణాంకమైతే బోసాన్లు (మన సత్యేంద్రనాథ్ బోస్ పేరే): ఫోటాన్‌కు 1, 2012లో సెర్న్‌లో దొరికిన హిగ్స్‌కు 0.

గురుత్వాకర్షణను మోసుకెళ్తుందని ఊహిస్తున్న గ్రావిటాన్‌కు ద్రవ్యరాశి సున్నా, స్పిన్ 2 ఉండాలి. స్పిన్ 1 అయితే సజాతి ఆవేశాల్లా ద్రవ్యరాశులు వికర్షించుకునేవి. 0 అయితే సూర్యుడి పక్కగా వచ్చే కాంతి వంగేది కాదు. వంగుతుందని 1919 గ్రహణమప్పుడే తేలింది.

చాలామంది తడబడేది ఇక్కడే: 2015లో లైగో డిటెక్టర్లు పట్టుకున్నది గురుత్వ తరంగాలను. గ్రావిటాన్ ఇంకా ఎవరికీ చిక్కలేదు.