లేచి రాగలగడం

పొదిలి నుంచి కారు కొనడానికి ఒంగోలుకో గుంటూరుకో బయల్దేరే కుటుంబం తరచుగా ఒక మనిషిని వెంట తీసుకెళ్తుంది. బావమరిదో, మేనమామో, నలుగురికి బండ్లు ఇప్పించిన పెద్దమనిషో. బేరం అంటే నోటి పని అని మన నమ్మకం. గట్టిగా మాట్లాడి, ‘మేనేజర్‌ని పిలవండి’ అనగలిగేవాడు పక్కనుంటే పదో పాతికో వేలు తగ్గుతాయని లెక్క. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కూడా ఈ నమ్మకానికే నీళ్లు పోశాయి. కళ్లలోకి చూసి మాట్లాడాలట, గొంతులో ధీమా ఉండాలట, అవతలివాడు ధర చెప్పాక కాసేపు మౌనం పాటించాలట. ఇవన్నీ దండగని అనను. కానీ కారు ధర వీటివల్ల తేలదు. బల్లకు అటువైపు కూర్చున్నవాడికి మన గొంతుకన్నా మన అవసరం బాగా వినిపిస్తుంది. ఈ రోజు కొనకుండా ఇంటికి వెళ్లగలమా లేదా అన్నది అతను మొదటి పది నిమిషాల్లోనే పసిగడతాడు. వెళ్లగలిగే శక్తి షోరూములో కూర్చున్నాక పుట్టదు. అది నెల ముందే ఇంట్లో తయారు కావాలి.

దీనికి సాక్ష్యం ఉంది. ఇయన్ ఎయిర్స్, పీటర్ సీగల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో ప్రాంతంలోని కార్ల డీలర్ల దగ్గరికి తాము తర్ఫీదు ఇచ్చిన మనుషులను కొనుగోలుదారుల వేషంలో పంపించారు. అందరికీ ఒకే మాటలు, ఒకే బేరం పద్ధతి నేర్పారు. 1995లో అచ్చయిన ఆ పరిశోధనలో, నల్లజాతి పురుషులకు చెప్పిన ఆఖరి ధర తెల్లజాతి పురుషులకు చెప్పినదానికన్నా సగటున 1,100 డాలర్ల దాకా ఎక్కువగా తేలింది. మాట ఒక్కటే, ధరలు వేరు. అంటే డీలరు మాటను కాదు, మనిషిని చూసి అంచనా కట్టాడు. ఆ తర్వాత ఫియోనా స్కాట్ మోర్టన్, ఆమె సహ పరిశోధకులు ఇంటర్నెట్ ద్వారా డీలర్ల నుంచి ధర తెప్పించుకున్నవారి లెక్కలు తీశారు. వాళ్లు సగటున రెండు శాతం దాకా తక్కువ చెల్లించారు. నల్లజాతివారు, హిస్పానిక్‌లు అదనంగా కడుతున్న సొమ్ము ఆ దారిలో వచ్చినప్పుడు చాలావరకు మాయమైంది. వాళ్లకు కొత్తగా వాక్చాతుర్యం ఏమీ అబ్బలేదు. అడిగినవాడి చేతిలో మరో డీలరు ధర కూడా ఉండవచ్చునని డీలరుకు తెలిసింది, అంతే.

అమెరికా సంగతి మనకెందుకు, ఇక్కడ ధర కంపెనీ పెడుతుంది, డీలరు చేతిలో ఏముంది అనేవాళ్లుంటారు. 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మారుతి సుజుకీ మీద 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తాను అనుమతించిన దానికి మించి డిస్కౌంట్ ఇవ్వకుండా కంపెనీ డీలర్లను కట్టడి చేసిందని, కొనుగోలుదారుల్లా మనుషులను పంపి దొంగచాటుగా పరీక్షించిందని, దొరికినవాళ్లకు జరిమానాలు వేసిందని కమిషన్ తేల్చింది. కంపెనీ దాని మీద అప్పీలుకు వెళ్లింది. ఇలాంటి కేసులోనే హ్యుందాయ్ మీద 2017లో వేసిన 87 కోట్ల జరిమానాను ఆ మరుసటి ఏడాది అప్పిలేట్ ట్రిబ్యునల్ కొట్టేసింది కూడా. చట్టం ఎటు మొగ్గినా మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. డీలరు తన వాటాలోంచి తగ్గించడానికి సిద్ధంగా లేకపోతే అతన్ని ఎవరూ కాపలా కాయనక్కర్లేదు. అదే కంపెనీ, అదే మోడల్, అదే వేరియంట్, అదే రంగు బండికి ఒంగోలు, గుంటూరు, విజయవాడ డీలర్ల దగ్గర కాగితం మీద ఆన్‌రోడ్ ధర రాయించుకుంటే ఆ సంగతి చేతికే తెలుస్తుంది. దూరంగా కొంటే సర్వీసు ఇవ్వరేమోనన్న భయం అక్కర్లేదు. వారంటీ కంపెనీది, దాని అధీకృత వర్క్‌షాపు ఏదైనా చూడాల్సిందే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఒకే యజమానికి రెండు మూడు ఊళ్లలో షోరూములు ఉండొచ్చు, అప్పుడు మూడు కాగితాలూ ఒకే చేతివి అవుతాయి.

ఎదురుచూడగలగడం అంటే ఏమిటో ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుంటూరు యార్డుకు టిక్కీలు దింపిన మిర్చి రైతు ధర నచ్చకపోయినా వెనక్కి తీసుకుపోలేడు. లారీ బాడుగ, కూలి, అప్పు అతన్ని ఆ రోజే అమ్మిస్తాయి. కోల్డ్ స్టోరేజీలో పెట్టగలిగినవాడికి ఇంకో నెల ఉంది, అతని గొంతులో తొందర ఉండదు. పొదిలి పొగాకు వేలంలో కొనేవారు లేక బేళ్లకు ‘నో బిడ్’ పడిన రోజు ఇంటికెళ్లే మనిషిని చూసినా ఇదే తెలుస్తుంది. కారు షోరూములో ఈ వరస తిరగబడుతుంది. అక్కడ సరుకు అవతలివాడిది, వడ్డీ అవతలివాడి నెత్తిన. డీలర్లు బండ్లను అప్పు మీదే తెచ్చి యార్డులో నిలబెడతారు. 2024 సెప్టెంబరు నాటికి దేశంలో డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజులకు సరిపడా, సుమారు 79 వేల కోట్ల రూపాయల విలువైన కార్లు పేరుకుపోయాయని వాళ్ల సమాఖ్య ఫాడా చెప్పింది. ఉండాల్సింది 21 రోజుల సరుకేనని ఆ సమాఖ్యే అంటుంది. దానికితోడు నెలాఖరు టార్గెట్లు. డిసెంబరు దాటితే నిరుటి బండి అయిపోతుందన్న బెంగ సరేసరి. తయారైన నెల, సంవత్సరం ఆర్సీ మీద ఉంటుంది, రేపు అమ్మబోతే సెకండ్ హ్యాండ్ ధర అక్కణ్నుంచే లెక్కిస్తారు.

ఇంత బలం చేతికొచ్చినా మనం దాన్ని గుమ్మంలోనే అప్పగించేస్తాం. ముహూర్తం పెట్టించుకుని, వియ్యాలవారికి చెప్పి, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తాం. ‘ఎప్పుడు తీసుకుందామనుకుంటున్నారు సార్?’ అని సేల్స్ కుర్రాడు మంచినీళ్ల గ్లాసుతోపాటు అడిగే ప్రశ్న మర్యాదకు అడిగేది కాదు. ‘శుక్రవారం దశమి, ఆ రోజే’ అన్నామంటే బేరం ముగిసినట్టే. మరి మంచిరోజు వదులుకోవాలా అంటే, ఆ మాట అననవసరం. నమ్మకం ఎవరిది వారిది. రోజును నమ్మడం వేరు, ఆ రోజును అమ్మేవాడికి చెప్పడం వేరు. పైగా మన పంచాంగమే కొనేవాడికి సాయం చేస్తుంది. ఆషాఢంలో, మూఢంలో షోరూములు వెలవెలబోతాయి, డీలర్లు ఆఫర్లు పెట్టేదీ అప్పుడే. ధర అప్పుడు తేల్చుకుని బండిని శ్రావణంలో ఇంటికి తెచ్చుకోవచ్చు. అయితే చాలా ఆఫర్లు బిల్లు పడిన నెలకే వర్తిస్తాయి. ఆ నెలలోనే బిల్లు చేయించుకుంటే బీమా గడియారం ఆ రోజు నుంచే తిరుగుతుంది. ఆ కాస్త నష్టం, వచ్చే తగ్గింపుకన్నా తక్కువో కాదో చూసుకోవాలి.

ఇక డబ్బు ఎక్కువగా జారిపోయే చోటు ఎక్స్‌షోరూమ్ ధర దగ్గర కాదు, ఆ కింది వరుసల్లో. ఎక్స్‌షోరూమ్ ధరంటేనే షోరూము దాకా చేరిన బండి ధర, మరి హ్యాండ్లింగ్ ఛార్జీ దేనికో అడగాలి. లైఫ్ టాక్స్ ప్రభుత్వానిది, దాని మీద బేరం లేదు. బీమా మాత్రం ఎక్కడైనా తీసుకోవచ్చు. డీలరు దగ్గర తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదని బెదిరిస్తే, ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉన్నదీ లేనిదీ బీమా కంపెనీనే అడిగితే సరి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపును తన డిస్కౌంట్ కింద చూపించే తెలివైనవాళ్లు కూడా తగులుతారు. పాత కారు మార్చేవాళ్లు దాని ధర విడిగా బయట తెలుసుకోవాలి. రెండు బేరాలు కలిపితే ఒకదాంట్లో ఇచ్చింది రెండోదాంట్లో పోతుంది. అన్నిటికన్నా లోతైన గుంట ‘నెలకు ఎంత కట్టగలరు?’ అన్న ప్రశ్న. ఆరు లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకు సుమారు 12,455 రూపాయలు, మొత్తం వడ్డీ లక్షా 47 వేలు. ఏడేళ్లకు సాగదీస్తే కిస్తీ 9,650కి దిగుతుంది, వడ్డీ రెండు లక్షల పదకొండు వేలకు ఎక్కుతుంది. ‘ఏడు శాతమే, కానీ ఫ్లాట్’ అన్నారంటే అది ఐదేళ్ల అప్పు మీద తగ్గే నిల్వ లెక్కన పన్నెండున్నర శాతం. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు వార్షిక వ్యయమంతా కలిపి చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. సంతకానికి ముందు ఆ ఒక్క కాగితం చదివితే చాలు. మిర్చి, పత్తి, పొగాకు మీద బతికే ఇంటికి ఇంకో చిక్కుంది. ట్రాక్టరు అప్పుకు ఆరు నెలలకోసారి కిస్తీ దొరుకుతుంది, కారు కిస్తీ ప్రతి నెలా వస్తుంది. అంతకు ముందు క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన మిర్చికి 2025లో కేంద్రం 11,781 రూపాయల మార్కెట్ జోక్యపు ధర ప్రకటించాల్సి వచ్చింది. మంచి ధర వచ్చిన ఏడాది ఉత్సాహంలో కట్టగలమనుకున్న కిస్తీ అలాంటి ఏడాదిలో ఏమవుతుందో బండి చూడకముందే లెక్క వేసుకోవాలి. పై హద్దు కాగితం మీద రాసుకుని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్న ఇంటినుంచి వచ్చినవాళ్లకు షోరూములో లేచి నిలబడడం కష్టం కాదు.

రెండు అభ్యంతరాలకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. నెలల తరబడి వెయిటింగ్ ఉన్న మోడల్‌కు ఎంత ఓపిక ఉన్నా ధర తగ్గదు, అక్కడ ఎదురుచూపు డీలరు వైపే పనిచేస్తుంది. దాన్నే కోరుకునేవాళ్లు బీమా, యాక్సెసరీలు, అప్పుల దగ్గర మిగుల్చుకోవాలి తప్ప గుంజులాటకు దిగి లాభం లేదు. రెండోది, జీతం కన్నా ఇన్సెంటివ్ మీద బతికే సేల్స్ కుర్రాడిని పిండడం న్యాయమా అన్నది. నాలుగు షోరూములు తిప్పించి, అందరి టైమూ తిని, అనుకున్న ధర వచ్చాక కూడా ఇంకో ఐదొందలకు పీకులాడేవాడి మీద నాకు గౌరవం లేదు. తేల్చుకున్న ధర దగ్గరే ఆగడం కూడా లేచి రాగలగడం లాంటిదే, అదే మనసు చేసే పని. ఒప్పుకున్నాక సొమ్ము కుర్రాడి ఫోనుకు కాకుండా డీలరు ఖాతాకు వేసి రసీదు తీసుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు పంపకముందే పగటి వెలుతురులో బండి చూసి, ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోల్చుకోవాలి. నంబరు పడ్డాక గీత కనబడినా అది మన గీతే.