పాత పేరు తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న: మా పైథాన్ లైబ్రరీని వేరే టీములూ వాడుతున్నాయి. గందరగోళంగా ఉన్న ఒక ఫంక్షన్ పేరు మార్చబోతే సగం మంది వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వాళ్ల భయంలో న్యాయం ఉంది. పేరు మారితే దాన్ని పిలిచే ప్రతి ప్రోగ్రామూ అక్కడే ఆగిపోతుంది. ఆ ప్రోగ్రాములన్నీ మీ కంటికి కనబడవు కూడా.

పైథాన్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2008లో వచ్చిన పైథాన్ 3లో ప్రింట్‌కు బ్రాకెట్లు తప్పనిసరయ్యాయి. అక్షరాలు, బైట్లు వేరయ్యాయి. మొదటిదాన్ని సరిదిద్దే టూల్ వచ్చింది గానీ, రెండోదాన్ని చాలాచోట్ల మనుషులే కూర్చుని చూసుకోవలసి వచ్చింది. పాత 2.7కు మద్దతును 2015లో ఆపాలనుకున్నవారు 2020 దాకా పొడిగించారు. లినక్స్ కెర్నల్‌లో లినస్ టోర్వాల్డ్స్ పట్టు ఇంకా గట్టిది: నడుస్తున్న ప్రోగ్రాములను చెడగొట్టే మార్పు వెనక్కి పోవలసిందే.

మీకు అంత పట్టుదల అక్కర్లేదు. కొత్త పేరు పెట్టండి. పాత పేరుతో పిలిచినా కొత్తదే పనిచేసేలా చూసి, ఒక హెచ్చరిక జోడించండి. పాత పేరును ఏ వెర్షన్‌లో తీసేస్తారో అందులోనే చెప్పండి. అలాంటి హెచ్చరికలను పైథాన్ చాలాసార్లు దాచేస్తుంది కాబట్టి రిలీజ్ నోట్స్‌లోనూ రాయాలి. తీసేసినప్పుడు వెర్షన్ మొదటి అంకె పెంచండి.

పేరు కాక, భద్రపరిచిన డేటా రూపమే మారుతుంటే మాత్రం విడుదలకు ముందే అనుభవమున్న డేటాబేస్ నిపుణులకు చూపించండి.