తీపిని తీపనే అనుకుందాం

సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి బడి నుంచి వచ్చిన పిల్లలు, మిల్లులో షిఫ్టు ముగించుకుని వచ్చిన ఆడపిల్లలు, వంటింట్లో మనం, అందరి చేతులూ డబ్బాల వైపే పోతాయి కదా. మన చోళపురం చుట్టుపక్కల ఆ డబ్బాలు నింపుకోవడానికి కరువేమీ లేదు. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా, కోవిల్‌పట్టి కడలై మిఠాయి (అదే వేరుశనగ మిఠాయి), సాత్తూరు కారసేవు. పాల్‌కోవాకి 2019లో, కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత పేరున్న తిళ్ళ మధ్య కూర్చుని ఈమధ్య మీరు నన్నడిగేది మాత్రం ఒకటే: "అక్కా, చాక్లెట్ గ్రానోలా ఇంట్లో ఎట్లా చెయ్యాలి?"

చెప్తాను. అంతకంటే ముందు, "కడలై మిఠాయి తింటే తీపి తిన్నట్టు, గ్రానోలా తింటే ఆరోగ్యం తిన్నట్టు" అనే లెక్క ఒకటి మీ మనసులో ఉంది చూశారూ, దాన్ని తీసెయ్యండి. ఓట్స్, గింజలు, నూనె, తీపి పాకం. గ్రానోలా అంటే ఇంతే. మన వేరుశనగ ఉండకి దూరపు చుట్టం, ఇంగ్లీషు పేరు పెట్టుకుని వచ్చింది.

దానికా ఆరోగ్యం ముద్ర ఎట్లా పడిందంటే, 1863లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం డాన్స్‌విల్ ఊళ్ళో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు తన ఆరోగ్యశాలలో రోగుల కోసం ఇలాంటిదొకటి చేశాడు. పొట్టు తీయని గోధుమపిండిని రొట్టెగా కాల్చి, ముక్కలు చేసి, మళ్ళీ కాల్చడమే. రాత్రంతా నానబెడితే గానీ పంటికి లొంగేది కాదు. ఆ తరవాత మిషిగన్‌లో బాటిల్ క్రీక్ శానిటోరియం నడిపిన డాక్టర్ కెల్లాగ్ కూడా అదే దారిలో తనదొకటి చేశాడు. అప్పట్లో అది రోగులకు పెట్టే చప్పటి పథ్యం. ఓట్స్, తేనె, గింజలు కలిసి ఇప్పటి రూపంలో జనంలోకి వచ్చింది 1960ల తరవాతే. చప్పదనం పోయింది, పథ్యమన్న పేరు మాత్రం మిగిలిపోయింది.

నమ్మకం లేకపోతే ఈసారి అంగట్లో పాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ఏది బరువులో ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. చక్కెర ఒకచోట, గ్లూకోజ్ సిరప్ ఇంకోచోట, తేనె మరోచోట కనిపిస్తాయి. విడివిడిగా చూస్తే కొంచెం కొంచెమే అనిపిస్తుంది, అన్నీ కూడితే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో చేసుకోమని నేను చెప్పేది అందుకే. బెల్లం మన చేత్తో కొలిచి పోసినప్పుడు ఎంత తింటున్నామో దాచుకోవడానికి వీలుండదు.

ఇక పని మొదలుపెడదాం. రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు తీసుకోండి. ఇన్‌స్టంట్ ఓట్స్ వద్దు, పాకం తగలగానే పిండి పిండి అయిపోతాయి. ఓట్స్ దొరకలేదా, గట్టి అటుకులు తీసుకోండి, ఎర్ర బియ్యానివైతే ఇంకా మంచిది. వేరుశనగపప్పు, బాదం కలిపి 150 గ్రాములు. ఎండుకొబ్బరి సన్నగా చెక్కిన ముక్కలు 50 గ్రాములు. నువ్వులు రెండు చెంచాలు. బెల్లం 100 గ్రాములు, నెయ్యి గానీ కొబ్బరినూనె గానీ 75 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు, అర చెంచా ఉప్పు. కోకో కొనేటప్పుడు చూసుకోండి, డ్రింకింగ్ చాక్లెట్ అని రాసి ఉంటే అందులో చక్కెర ముందే కలిసి ఉంటుంది, అది మనకొద్దు.

బెల్లం బదులు కరుప్పట్టి, అంటే తాటిబెల్లం, వాడితే చాక్లెట్‌తో జోడీ బ్రహ్మాండంగా కుదురుతుంది. ఆ రెండింటి చిరుచేదు ఒకదానికొకటి నప్పుతుంది. కాకపోతే అడుగున ఇసుక దిగుతుంది, కరిగించాక వడకట్టడం మరవకండి. మూడు పెద్ద చెంచాల నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి నిమిషం రెండు నిమిషాలు పొంగనివ్వండి. కడలై మిఠాయికైతే నీళ్ళలో వేసిన చుక్క టంగుమనేదాకా ముదరాలి. ఇక్కడ తేనెలా జారితే చాలు, మిగతా తడిని వేడే లాగేస్తుంది. దించి, నెయ్యి, ఉప్పు, కోకో వేసి ఉండ కట్టకుండా కలిపి, ఓట్స్, గింజల మీద పోసి ప్రతి పలుక్కీ పట్టేలా కలపండి.

ఓవెన్ ఉంటే పళ్ళెంలో పలచగా పరిచి, గరిటె వెనకతో గట్టిగా అదిమి, 150 డిగ్రీల దగ్గర అరగంట పెట్టండి. మధ్యలో ఒక్కసారి తిరగేసి మళ్ళీ అదమండి. ఓవెన్ లేకపోతే బెంగేమీ లేదు. అడుగు మందంగా ఉన్న మూకుట్లో గింజలు, ఓట్స్ విడిగా కరకరలాడేలా వేయించుకుని, పాకం కలిపి, సన్న సెగన ఏడెనిమిది నిమిషాలు తిప్పి, పళ్ళెంలో అదిమేస్తే సరి.

ఇందులో చిక్కు ఒకటుంది. మామూలుగా వేపుడు ఎంతవరకు వచ్చిందో రంగు చూసి పోల్చుకుంటాం. ఇది మొదటినుంచీ నల్లగానే ఉంటుంది, కళ్ళు మోసం చేస్తాయి. ముక్కునే నమ్ముకోండి. కోకో వాసన దాటి వేగిన కొబ్బరి వాసన రాగానే తీసెయ్యాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచారా, చేదెక్కుతుంది. తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది, కంగారుపడి మళ్ళీ పెట్టకండి. కదపకుండా వదిలేస్తే చల్లారాక గట్టిపడుతుంది, అప్పుడు చేత్తో ముక్కలు విరవండి. ఎండుద్రాక్ష కలిపితే అప్పుడే కలపండి.

"అక్కా, చాక్లెట్ ముక్కలు వెయ్యొద్దా?" అంటారు. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఏప్రిల్, మే ఎండలకి డబ్బాలో ముక్కలుండవు, ముద్ద ఉంటుంది. పొడితో ఆ బాధ లేదు. ఆ కోకో ఎక్కడో విదేశాల్లోనే పండుతుందనుకునేరు. దేశంలో అన్నిటికంటే ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్ల నీడన పెంచుతారు. కాయ పగలగొట్టి, గుజ్జుతో ఉన్న గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టి ఎండబెడితే గానీ చాక్లెట్ వాసనకి పునాది పడదు. ఇక్కడ పొళ్ళాచ్చి కొబ్బరితోటల్లోనూ వేస్తున్నారు.

పూర్తిగా చల్లారాకే డబ్బాకి ఎత్తండి. అయినా ఐప్పసి, కార్తిక మాసాల వానలకి బెల్లం తేమ పీల్చి మెత్తబడొచ్చు. మూకుట్లో ఒకసారి వెచ్చజేస్తే మళ్ళీ కరకరలాడుతుంది.

ఎంత తినాలి? నేను చెప్పిన కొలతకి దాదాపు 700 గ్రాములు అవుతుంది. 40 గ్రాములు పట్టే చిన్న గిన్నెలో బెల్లం అయిదారు గ్రాములు ఉంటుంది. బయటి నుంచి కలిపే తీపి రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన కాఫీల్లో పోయేది కూడా అందులోదే. కరుప్పట్టితో చేశాం కదా, షుగర్ ఉన్న మామయ్యగారికి ఫర్వాలేదు అనుకోకండి. ఒంట్లోకి వెళ్ళాక అదీ చక్కెరే. నాలుగేళ్ళలోపు పిల్లలకి గింజలు గొంతుకి అడ్డం పడతాయి, పొడి కొట్టి పాలల్లో కలిపి పెట్టండి.

ఇంకొకటి. 2005లో తపాలాబిళ్ళ మీదకెక్కిన మన రాజపాళయం కుక్క మీ వాకిట్లో ఉంటే, దానికి ఒక్క పలుకు కూడా వెయ్యకండి. కోకోలోని థియోబ్రోమిన్ కుక్కలకి త్వరగా అరగదు, వాంతులై గుండెదడ వస్తుంది. ఎండుద్రాక్ష అయితే మూత్రపిండాలకే ముప్పు. పిల్లలు ముద్దుగా తినిపిస్తారు, ముందే చెప్పి ఉంచండి.

వారానికో డబ్బా చాలమ్మా. డబ్బా వంటింటి గట్టు మీద కాకుండా పై అరలో పెట్టండి, పక్కన ఒక చిన్న గిన్నె ఉంచండి, కొలత అదే. ఆరోగ్యమని పేరు పెట్టుకుంటే చెయ్యి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. తీపి అని ఒప్పుకుంటే తినేది ఒక్క గిన్నెడే అయినా హాయిగా తింటాం. పిల్లలు ఇంకా కావాలని గోల చేస్తే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ముందు పోయండి, ఒలుచుకుని తినేసరికి గోల సద్దుమణుగుతుంది.