పెట్టె మార్చు, బొమ్మ జోలికి పోకు

బాచుపల్లి

బుజ్జీ,

మీ అమ్మానాన్నల పెళ్లి డీవీడీని ఎంపీ4 చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టావని అందరూ తెగ మెచ్చుకున్నారు. నేను తలంబ్రాల దగ్గర ఆపి చూశాను. మీ నాన్న దోసిలి ఎత్తాడు, బియ్యం గాల్లోకి లేచాయి, అంతే. తెర నిండా పసుపుపచ్చ గళ్లు తప్ప ఒక్క గింజ కనబడలేదు. వెనక నిలబడ్డ మీ అమ్మమ్మ మొహం కూడా ఆ క్షణంలో అలికేసినట్టయింది. డిస్కులో అలా లేదమ్మా. కూకట్‌పల్లిలో వీడియో యూనిట్ నడిపే రోజుల్లో ఆ పెళ్లి మిక్సింగ్ చేసింది నేనే.

వీడియో కుదించేటప్పుడు ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య మారిందేమిటో అదే ఎక్కువగా రాసుకుంటారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పీటల మీద కదలకుండా కూర్చున్నంతసేపూ పని తేలిక. తలంబ్రాలు పోసినా, హోమం పొగ లేచినా తెరంతా ఒక్కసారిగా మారిపోతుంది. అప్పుడు బిట్లు చాలకపోతే బొమ్మ గళ్లు కడుతుంది. ఆ డిస్కులో రెండు గంటలకి నాలుగు జీబీ పైచిలుకు ఖర్చుపెట్టాం, అంటే సెకనుకి దాదాపు 5 మెగాబిట్లు. నీ యాప్ దాన్ని హెచ్.264లోకి మార్చి 400 ఎంబీకి నొక్కేసింది. హెచ్.264 చెడ్డదని కాదు, డిస్కులోని ఎంపెగ్-2 కన్నా పొదుపైనదే. కానీ ఎంపెగ్-2 అప్పుడే పారేసినది ఇప్పుడు తిరిగి రాదు, దాని మీద ఇది ఇంకొంత పారేస్తుంది.

నువ్వు చేయాల్సింది మళ్లీ ఎన్‌కోడ్ చేయడం కాదు, పెట్టె మార్చడం, అంటే అదే వీడియోని వేరే రకం ఫైల్లోకి సర్దడం. డిస్కులో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కోటీ 1 జీబీ దాటకుండా ముక్కలైన వాబ్ ఫైళ్లు, ఏ ముక్క తర్వాత ఏది ఆడాలో చెప్పే ఐఎఫ్ఓ ఫైళ్లు ఉంటాయి. వాటిలోని వీడియోనూ ఆడియోనూ ఒక్క బిట్టు మార్చకుండా తీసి ఎంకేవీ ఫైల్లో పెట్టొచ్చు. బాచుపల్లిలో నెలకో కుటుంబం ఇల్లు మారుతుంది, కొత్త గుమ్మంలో పట్టలేదని బీరువాను రంపంతో కోసినవాణ్ణి నేనింకా చూడలేదు. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ డీవీడీలకి ఉచితం. అది ఐఎఫ్ఓ చదివి ముక్కల్ని వరసలో కలుపుతుంది, చాప్టర్లు కూడా ఉంచుతుంది. కన్యాదానం, అప్పగింతలు అని నేను విడగొట్టిన చోట్లకి నువ్వు నేరుగా దూకొచ్చు. ఎన్‌కోడింగ్ లేదు కాబట్టి డిస్కు చదవడానికి పట్టినంత సేపే.

ఎంపీ4లో కూడా ఎంపెగ్-2 పెట్టొచ్చు గానీ చాలా ఫోన్లు, టీవీలు దాన్ని ఆడించవు. ఎంకేవీ చేసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో చూడు.

ఇంకో సంగతి. మన డీవీడీ బొమ్మ 720×576, సెకనుకి 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, అంటే బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు మరో క్షణానివి. నీ ఫైల్లో చెయ్యి ఊపినప్పుడల్లా అడ్డగీతలు రావడానికి అదే కారణం. వాటిని ఆడించేటప్పుడు వీఎల్‌సీ సర్దుకుంటుంది, ఫైల్లో ముట్టుకోకు. అలాగే 720×576ని ఉన్నదున్నట్టు చూపిస్తే 4:3 బొమ్మ ఇరుకవుతుంది. తెర మీద ఎంత వెడల్పు చేయాలో డిస్కులోనే రాసి ఉంటుంది, నీ యాప్ దాన్ని పట్టించుకోలేదు. మీ నాన్న సన్నగా కనిపించింది అందుకే. ఆయన అప్పుడూ అంత సన్నం కాదు.

మొదట డిస్కు మొత్తానికి నకలుగా ఐఎస్ఓ ఫైలు తీసుకో, తర్వాతే మిగతా పని. ఇంట్లో రాసిన డీవీడీలో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండా వేడీ ఆ పొరని తినేస్తాయి, ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సినిమా డిస్కుకి ఆ గొడవ లేదు. మెత్తటి నూలు గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడువు, గుండ్రంగా తిప్పకు. చదవడం మొరాయిస్తే బలవంతంగా పదేపదే తిప్పకుండా డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడు. అది బాగున్న భాగమంతా ముందు లాగేసి, పాడైన చోట్లకి తర్వాత వస్తుంది. మీ అమ్మ దగ్గరున్న రిసెప్షన్ వీసీడీ ఇంకా సున్నితం. దాంట్లో 352×288 ఎంపెగ్-1 వీడియో ఉంటుంది. మామూలు డేటా సీడీకి ఉండే అదనపు తప్పుల దిద్దుబాటు వీసీడీ వీడియోకి లేదు, ఆ జాగా కూడా బొమ్మకే ఇచ్చేశారు. ముందు దాని సంగతే చూడు. అందులో వీడియో ఉండే డీఏటీ ఫైలుని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో, ఎన్‌కోడ్ చేయొద్దు కాపీ చేయమని చెప్పి బయటికి తియ్యి.

సినిమా డీవీడీల్ని ఈ పనిలో కలపకు. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మితే మనవాళ్లు సంచుల్లో తెచ్చుకున్నారు. సినిమా డిస్కులకి కాపీ కాకుండా తాళం వేసి ఉంటే, దాన్ని తీసే సంగతి మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ కిందికి వస్తుంది. పెళ్లి డిస్కుకి ఏ తాళమూ లేదు, అది మన సొంతం.

పని అయ్యాక వీఎల్‌సీలో కోడెక్ సమాచారం తెరిచి చూడు. ఎంపెగ్-1/2 వీడియో, 720×576 అని ఉంటే బొమ్మ క్షేమం. హెచ్.264 అని ఉంటే మళ్లీ చేసేశావన్నమాట. మీ ఇంట్లో ఉన్న మూడు డిస్కులూ కలిపి 14 జీబీ దాటవు, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో రెండు కాపీలు పెట్టినా ఇంకా చోటుంటుంది. అలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి నీ దగ్గర, ఇంకొకటి మీ అమ్మ దగ్గర ఉంచు. గ్రూపులో పెట్టడానికి చిన్న ఫైలు కావాలంటే ఆ ఎంకేవీ నుంచి వేరే చేసుకో, నాకేం అభ్యంతరం లేదు.

నీ లాప్‌టాప్‌కి ఇప్పుడు డీవీడీ డ్రైవ్ లేదన్నావు. కొనాలంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో యూఎస్‌బీ డీవీడీ రైటర్లు దొరుకుతాయి, కానీ కొనక్కర్లేదు, నా దగ్గర ఒకటి ఉంది. ఈ ఆదివారం మియాపూర్‌లో మెట్రో దిగి ఫోన్ చెయ్యి. డిస్కులు ఒకదాని మీద ఒకటి పేర్చి సంచిలో పడేయకుండా దేని కవర్లో దాన్ని పెట్టి తీసుకురా. మూడూ, ఆ వీసీడీతో సహా.

మీ మామయ్య